ఎడమవైపు నవ్వు

ఫిబ్రవరి 9, ఆదివారం

అక్కా,

ఈ ఉత్తరం చూడగానే సంచి సర్దుకుని బయలుదేరకు. పూర్తిగా చదివాక కంగారుపడు.

మంగళవారం పొద్దున్న పళ్ళు తోముకుని నోరు పుక్కిలిస్తుంటే నీళ్ళు కుడి మూల నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకున్నాను కదా, మొహంలో కుడి సగం నిద్రే లేవలేదు. కనుబొమ్మ ఎగరదు, కన్ను మూతపడదు, మూతి ఎడమ చెవి వైపుకి లాక్కుపోయింది. న్యాయంగా అయితే భయపడాలి. నాకు ముందు ఆశ్చర్యమేసింది. ఐదు నిమిషాలు అక్కడే నిలబడి కోపంగా, జాలిగా, ప్రేమగా రకరకాల మొహాలు పెట్టి చూశాను. ఏది పెట్టినా ఒకటే కనబడింది. ఎవరినో వెక్కిరిస్తున్నట్టు.

డాక్టరు చూసి పక్షవాతం కాదు, మొహం నరం వాచింది అన్నాడు. వారం పాటు మాత్రలు, కంట్లో చుక్కలు, పడుకునేటప్పుడు కన్ను మీద పట్టీ. మూడు వారాల్లో సర్దుకోవచ్చు, మూడు నెలలు పట్టొచ్చు, కొందరికి కొంచెం అలాగే ఉండిపోతుందట. "ఎవరికి ఉండిపోతుంది?" అని అడిగాను. "అది తెలిస్తే నేనిక్కడెందుకుంటానమ్మా, జాతకాలు చెప్పుకునేవాణ్ణి" అన్నాడు.

ఫోన్ చెయ్యలేదని తిట్టకు. పెదాలు సరిగ్గా కలవట్లేదు, మాటలు సగం గాలికి పోతున్నాయి. మొన్న పక్కింటావిడకి ఫోన్ చేస్తే ఎవరో తాగి మాట్లాడుతున్నారనుకుని పెట్టేసింది.

సెలవు పెట్టలేదు. కౌంటర్‌లో కూర్చుంటున్నాను. నీకు తెలుసుగా, నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కౌంటర్ అంటే మంచి మూడ్‌లో ఎవరూ రారు. గురువారం ఒకాయన నాలుగు రోజులుగా చుక్క నీళ్ళు లేవని వచ్చాడు. నేను మామూలుగా పెట్టే "అయ్యో పాపం" మొహం పెట్టాను. "నవ్వుతున్నారేంటండీ! ఇక్కడ స్నానాల్లేక చస్తుంటే నవ్వులాటగా ఉందా?" అని ఆఫీసు దద్దరిల్లేలా అరిచాడు. పద్నాలుగేళ్ళుగా నా మాట తీరుకే జనం చల్లబడుతున్నారని మురిసిపోయాను. పని చేసింది మాట కాదు, మొహం. ఆ రోజే ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. మొదటి ప్రశ్న: మనిషి కోపం ఎదుటివాళ్ళ మాటకి తగ్గుతుందా, మొహానికి తగ్గుతుందా?

మా ఆయన బాగానే ఉన్నాడు. కాకపోతే ఎప్పుడు చూసినా నా మూతి వంకే చూస్తున్నాడు. అది ఒక్కటే కొంచెం ఇబ్బందిగా ఉంది.

ఒక కన్ను మూసుకోలేని
నీ బుడ్డి


ఫిబ్రవరి 16, ఆదివారం

ఒసేయ్ బుడ్డీ,

పూర్తిగా చదివాకే కంగారుపడ్డాను. పట్టీ సరిగ్గా వేసుకుంటున్నావా? కంట్లో దుమ్ము పడితే ఊరుకోను. ప్రశ్నలూ పుస్తకాలూ తర్వాత, ముందు కన్ను చూసుకో.

చిన్నప్పటి నుంచీ నీదిదే వరస. నువ్వు గోడ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు అమ్మ ఏడుస్తుంటే, ఎముక ఏ వైపుకి వంగిందో చూపించమని నువ్వు కాంపౌండర్ని అడిగావు. నాకు మాత్రం నీ ఉత్తరం చదివితే ఏడుపే వచ్చింది. స్కూల్లో అందరికీ తెలిసిపోయింది. స్కూలంటే నా డ్రైవింగ్ స్కూల్లే. కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంటే, అప్పుడే మొదటిరోజు వచ్చిన ఒక పెద్దమనిషి భయపడి "మేడమ్, నేను రేపు వస్తాను" అని వెళ్ళిపోయాడు. నేర్పే మనిషే ఏడుస్తుంటే పాపం ఏమనుకోవాలి?

నీ ప్రశ్నకి నా జవాబు రాసుకో. నేను పక్క సీట్లో కూర్చుంటాను, నా కాలికింద ఇంకో బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళ మొహాలు నేను చూడను, మోకాళ్ళు చూస్తాను. మొహం ధైర్యంగానే పెడతారు, మోకాలు మాత్రం వణికిపోతుంటుంది. మొహం అబద్ధం చెప్తుందే, ఒంట్లో మిగతావి చెప్పవు.

ఇప్పుడు అసలు సంగతి. నీ సంగతి కనుక్కుందామని శుక్రవారం మీ ఇంటికి ఫోన్ చేశాను. మీ ఊఁ గారే ఎత్తారు. "మరిది గారూ, దానికెలా ఉంది?" అన్నాను. "ఊఁ." "డాక్టరు ఏమన్నాడు?" "ఊఁ, బాగుంది." "ఏం బాగుందండీ, మొహం వంకరపోతే?" అన్నాను. "సరే అయితే" అని పెట్టేశాడు. పెళ్ళయి పదకొండేళ్ళయింది, ఆ మనిషి నోట్లోంచి నాలుగు మాటలు కలిసి రావడం నేను చూడలేదు. నువ్వేమో బంగారం అంటావు. సరే, బంగారం మాట్లాడదులే అని ఊరుకున్నాను ఇన్నాళ్ళూ. కానీ పెళ్ళాం మొహానికి ఇలా అయితే "బాగుంది" అంటాడా?

మూతి వంకే చూస్తున్నాడని ఒక్క ముక్క రాసి దాటేశావు. ఎలా చూస్తున్నాడు? జాలిగానా, ఏవగింపుగానా? దాచకుండా రాయి.

కన్నెర్రజేసిన
అక్క


ఫిబ్రవరి 27, గురువారం

కన్నెర్రజేసిన అక్కకి,

ముందు ఆఫీసు కబుర్లు. నా మీద ఫిర్యాదు వచ్చింది. ఫిర్యాదుల కౌంటర్ మీద ఫిర్యాదు! తీసుకోవాల్సింది నేనే కాబట్టి నేనే తీసుకుని, నంబరు వేసి, రసీదు ఇచ్చాను. ఒకాయన "సదరు ఉద్యోగిని హేళనగా నవ్వుచున్నది" అని రాశాడు. మేనేజరు పిలిచి చాలాసేపు పేపర్‌వెయిట్ తిప్పి, "అది... జలుబు ఉన్నట్టు... ఒక మాస్కు పెట్టుకుంటే?" అన్నాడు. పాపం, నన్ను నొప్పించకూడదని ఆయన పడ్డ తంటా చూస్తే నాకే జాలేసింది.

మాస్కు పెట్టుకున్నాక ఏమైందో తెలుసా? నాతో ఎవ్వరూ గొడవపడట్లేదు. కళ్ళు మాత్రమే కనబడితే జనం మిగతా సగం మంచిగా ఊహించుకుంటారనుకుంటా. ఒకావిడ "మీరు ఎంత ఓపిగ్గా వింటారండీ" అంది. ఆ టైంలో నేను కుడి కన్ను ఎందుకు మండుతోందా అని ఆలోచిస్తున్నాను. నోటుపుస్తకంలో నాలుగు పేజీలు నిండాయి. ఇంకో ప్రశ్న కూడా ఉంది: బయటికి నవ్వలేనప్పుడు లోపల సంతోషం కొంచెం తగ్గుతుందా? అద్దం ముందు కూర్చుని నాకు నేనే పాత జోకులు చెప్పుకున్నాను. నవ్వొచ్చింది, దారి దొరక్క గొంతులోనే ఉండిపోయింది. తగ్గిందో లేదో ఇంకా తేలలేదు.

నువ్వడిగింది రాస్తాను. జాలి కాదక్కా. ఏవగింపు అని కూడా చెప్పలేను. కనుబొమ్మలు ముడేసి, కొంచెం ముందుకి వంగి, నా మూతి మీదే చూపు పెడతాడు. పరీక్ష పేపరు అర్థంకాని పిల్లాడి చూపు. నేనేదైనా చెప్తే "ఏంటీ?" అంటాడు. మళ్ళీ చెప్తే మళ్ళీ "ఏంటీ?" నాలుగోసారికి తల ఊపేసి లేచిపోతాడు. ఇదివరకు ఆఫీసు కబుర్లు చెప్తే పడీపడీ నవ్వేవాడు. మనింట్లో నా జోకులకి మీరంతా మొహం తిప్పుకునేవాళ్ళు కదా, ఆయన ఒక్కడే నవ్వేవాడు. ఇప్పుడు నవ్వు మాట దేవుడెరుగు, చెప్పింది పూర్తిగా వినడు.

ఆ చూపు భరించలేక ఇంట్లో కూడా మాస్కు పెట్టుకోవడం మొదలుపెట్టాను. వారమైంది. ఇప్పుడు అసలు నావైపే చూడట్లేదు. చూడకపోతే హాయిగా ఉంటుందనుకున్నాను. లేదక్కా, ఏడుపొస్తోంది.

మాస్కులో
నీ బుడ్డి


మార్చి 8, శనివారం

బుడ్డీ,

నీ ఉత్తరం మీ బావకి కూడా చదివి వినిపించాను. "మొగుడూ పెళ్ళాల మధ్య మనకెందుకు, కందకి లేని దురద కత్తిపీటకా?" అన్నాడు. ఈ ఇంట్లో కత్తిపీట నేనే, దురద నాకే ఉంటుంది అన్నాను.

నీది జబ్బు. తప్పు కాదు. తప్పు చేసినదానిలా నువ్వు మొహం కప్పుకోవడమేంటి? కప్పుకుంటే హమ్మయ్య అని తల తిప్పుకోవడం అతనికెలా వచ్చింది? పదకొండేళ్ళు నీ నవ్వు చూసి బతికాడు. ఆ నవ్వు పోయేసరికి మనిషే అక్కర్లేకపోయింది. ఇంతకంటే వేరే అర్థం నాకు కనబడట్లేదు. నీ తరఫున నేను మళ్ళీ రెండుసార్లు ఫోన్ చేశాను, అది కూడా చెప్తున్నా. ఒకసారి "ఊఁ ఊఁ", ఇంకోసారి ఎత్తి పక్కన పెట్టేశాడు, గడియారం టిక్కుటిక్కు వినబడింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు.

నా దగ్గర ఒకావిడ నేర్చుకుంటోంది. ఎడమవైపు చక్కగా తిప్పుతుంది. కుడివైపు తిప్పమంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. నెలరోజులు తిట్టాను, బతిమాలాను. నిన్న విసుగొచ్చి "అసలెందుకమ్మా ఏడుపు?" అని అడిగాను. మొదటిసారి అడిగానన్నమాట! కుడివైపు తిరిగితే వాళ్ళ నాన్నకి యాక్సిడెంటయిన వీధి వస్తుందట. వేరే రోడ్డుకి తీసుకెళ్ళాను. కుడివైపు కూడా బ్రహ్మాండంగా తిప్పింది. కాబట్టి నువ్వు కూడా అడుగు. నోటుపుస్తకంలో రాసుకోవడం కాదు, ఎదురుగా నిలబడి అడుగు. "నేను అక్క దగ్గరికి వెళ్ళిపోనా?" అని అడిగి చూడు. వద్దంటే సరే. వెళ్ళమంటే మా మేడ మీద గది ఖాళీగా ఉంది, కిటికీ కూడా తూర్పు వైపే.

ఒక్కటి మాత్రం నిజం చెప్పు. నీకు అతని మీద ప్రేమ ఉందా, అలవాటు ఉందా?

నీ వెనకే ఉన్న
అక్క


మార్చి 19, బుధవారం

అక్కా,

అడిగాను.

ఆదివారం ఆయన కుళాయి దగ్గర గిన్నెలు తోముతున్నాడు. ఆదివారం గిన్నెలు ఆయనవే. నేను పక్కన తుడుస్తున్నాను. మాస్కు వెనక నుంచి, "నేను కొన్నాళ్ళు అక్క దగ్గరికి వెళ్ళిపోనా?" అన్నాను. కుళాయి కట్టాడు. నావైపు తిరిగి ఒక్క క్షణం నా కళ్ళలోకి చూశాడు. "ఊఁ. మంచిదే" అన్నాడు. పైగా చిన్నగా నవ్వాడు. మళ్ళీ కుళాయి విప్పి గిన్నె అందుకున్నాడు.

నా చేతిలో పళ్ళెం ఎలా పగల్లేదో నాకు తెలియదు. వెళ్ళి కుర్చీలో కూర్చుని ఏడ్చాను. మూతపడని కన్ను కదా, కుడి కంట్లోంచి ఎలాగూ రోజంతా నీళ్ళు కారుతూనే ఉంటాయి. నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే ఆయన చేతులు తుడుచుకుని వచ్చి చూశాడు. చూసి, అల్మారాలోంచి చుక్కల మందు తెచ్చి, తల వెనక్కి వంచమని సైగ చేసి, కంట్లో రెండు చుక్కలు వేశాడు. ఎంత జాగ్రత్తగా వేశాడంటే, రెప్పకి కూడా తగల్లేదు. నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. రెండూ ఒకేలా కనబడే మొహం నాది.

వెళ్ళిపొమ్మనే మనిషి కంట్లో చుక్కలు అంత పదిలంగా ఎందుకు వేస్తాడు? మూడు రోజులుగా ఇదే ఆలోచిస్తున్నాను. ప్రేమ లేకుండా దయ ఉంటుందా? ఉంటుందేమో. ఆఫీసులో మేనేజరుకి నా మీద ఉన్నది అదే కదా. ఇంట్లో కూడా అదే మిగిలితే ఎలా బతకడం?

నువ్వడిగినదానికి జవాబు: అలవాటు అయితే ఇంత నొప్పి పుట్టదనుకుంటా. ప్రేమే. దరిద్రం.

నీ బుడ్డి


మార్చి 26, బుధవారం

నా తల్లీ,

ఏడవకు. టికెట్ ఇందులోనే పెట్టాను, ఏప్రిల్ 12, శనివారం, కిటికీ సీటు. గదికి సున్నం వేయించాను. మీ బావ మెట్ల పక్కన పట్టుకునే రాడ్డు బిగిస్తున్నాడు. ఎంతకాలం ఉంటావో నేను అడగను.

ఇంకో సంగతి, నా మీద కోపం తెచ్చుకోకు. మీ ఊఁ గారికి విడిగా ఒక ఉత్తరం రాసి ఫ్యాక్టరీ అడ్రసుకి పోస్టు చేశాను. ఫోన్‌లో చెప్తే వినడు కదా. కడుపులో ఉన్నదంతా కక్కేశాను. "మరిది గారూ, మా చెల్లి మొహం మీకు నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. ఆ మొహం చూడాలని కాచుక్కూర్చున్నవాళ్ళం ఇక్కడ ఉన్నాం. వెళ్ళిపోనా అని అది అడిగితే నవ్వుతూ మంచిదే అన్నారట. ఆ నవ్వు మీ దగ్గరే పెట్టుకోండి" అని రాశాను. ఇంకా రాశాను కానీ నీకు చెప్పను, నువ్వు ఆయన వైపే మాట్లాడతావు.

అడ్డం పడకు. చెప్పాల్సినవి ఎవరో ఒకరు చెప్పాలి.

దారి చూస్తూ
అక్క


ఏప్రిల్ 4, శుక్రవారం

అక్కా,

ఆత్రంగా రాస్తున్నాను, అక్షరాలు ఎలా ఉన్నా చదువుకో.

మంగళవారం మధ్యాహ్నం కౌంటర్‌లో ఉన్నాను. నలభై ఏడో టోకెన్ పిలిచాను. అద్దం అవతల మా ఆయన నిలబడ్డాడు. ఫ్యాక్టరీ బట్టల్లోనే, చేతులకి నూనె మరకలతో. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఎప్పుడూ ఆఫీసు గడప తొక్కలేదు. వరసలో నిలబడి, టోకెన్ తీసుకుని, మా ఫిర్యాదు ఫారం అడిగి నింపుకొచ్చాడు. అద్దం కిందనుంచి లోపలికి తోశాడు. అది నా ముందే ఉంది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"ఫిర్యాదు వివరం: నాకు ఆరేళ్ళుగా మాటలు వినబడవు. శబ్దం వస్తుంది, గోడ అవతల ఎవరో మాట్లాడినట్టు, మాట విడిగా తెలియదు. మా ఆవిడ మూతి చూసి, మొహం చూసి అర్థం చేసుకునేవాణ్ణి. ఫిబ్రవరి నుంచి మూతి కదలిక మారింది. ఎంత చూసినా అందట్లేదు. మాస్కు పెట్టాక పూర్తిగా పోయింది. ఆమె వెళ్ళిపోతానని అడిగిందట. నేను మంచిదన్నానట. ఏం అడిగిందో నాకు తెలియలేదు. ఊఁ అంటే సరిపోతుందనుకున్నాను, ఎప్పుడూ సరిపోయేది.

కోరుతున్న పరిష్కారం: మాస్కు తియ్యాలి. అడిగింది మళ్ళీ ఒకసారి కాగితం మీద అడగాలి."

అక్కా, ఆ కౌంటర్‌లో నేను కొన్ని వేల ఫిర్యాదులు తీసుకున్నాను. దీనికి మాత్రం నంబరు వెయ్యడం మర్చిపోయాను. వెనకున్నాయన "త్వరగా కానివ్వండమ్మా" అంటున్నాడు. కౌంటర్ మూసేసి, వెనక మెట్ల మీదకి తీసుకెళ్ళి, మాస్కు తీసేసి, ఫారం వెనకే రాసి అడిగాను: "నాకెందుకు చెప్పలేదు?"

ఆయన మాట్లాడాడు. పదకొండేళ్ళలో అన్ని మాటలు ఒక్కసారిగా ఎప్పుడూ వినలేదు. మేకుల ఫ్యాక్టరీలో మెషిన్లు తిరుగుతుంటే ఎవరి మాటా ఎవరికీ వినబడదట, అక్కడ అందరూ మూతులు చూసే మాట్లాడుకుంటారట. ఆ విద్య అక్కడ వచ్చింది. వచ్చిన విద్య ఇంట్లో కూడా పనికొచ్చింది. చెవులు పోయాయని ఫోర్‌మన్‌గా ఉంచరేమోనని ఫ్యాక్టరీలో చెప్పలేదు. నాకెందుకు చెప్పలేదంటే, వాళ్ళ నాన్నకి కూడా ఇలాగే అయిందట. ఇంట్లో ఆయన్ని పేరు పెట్టి పిలవడం మానేసి అందరూ "ఓ చెవుడూ" అనేవాళ్ళట. వాళ్ళమ్మతో సహా. "నువ్వు అలా అనవని తెలుసు. తెలిసినా నోరు రాలేదు" అన్నాడు.

నువ్వు రాసిన ఉత్తరం మధ్యాహ్నం భోజనాల టైంలో చదివాడట. అన్నం సగంలో వదిలేసి వచ్చేశాడు. నా మూతి వంక ఎందుకలా చూశాడో ఇప్పుడు అర్థమైందా? నేనేమో మాస్కు కట్టి ఉన్న ఒక్క దారీ మూసేశాను.

టికెట్ ఇంకా నా సంచిలోనే ఉంది. ఏం చెయ్యాలో తెలియట్లేదు.

నీ బుడ్డి


ఏప్రిల్ 9, బుధవారం

బుడ్డీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి మీ బావ కాగితం లాక్కుని మంచినీళ్ళిచ్చాడు.

నేను ఫోన్ చేసి అరిచాను. అతను ఎత్తి పక్కన పెట్టాడంటే నాకు పొగరనిపించింది. శంఖం ఊదినట్టుందని రాశాను చూడు, ఆ చేతిని ఏం చేసుకోవాలి? మోకాళ్ళు చూసి మనుషుల్ని చదివేస్తానని గొప్పలు పోయాను. రెండు నెలలుగా నేను నీకు చెప్పిన ప్రతిదీ తప్పు. ఒక్క ఉత్తరం రాయడం తప్ప, అది కూడా తిట్లే. మరిది గారికి క్షమాపణ రాస్తున్నాను, ఈసారి తిట్లుండవు. ఊఁ గారు అనడం కూడా నేటితో బంద్.

మనకి చిన్నప్పుడు లెక్కలు నేర్పారు, ఈత నేర్పారు. ఏమనిపిస్తోందో నోటితో చెప్పడం ఎవరూ నేర్పలేదే. నిన్న మీ బావ దగ్గర ప్రయత్నించాను. "ఇప్పుడు మీకేమనిపిస్తోంది?" అని మెత్తగా అడిగాను. చాలాసేపు ఆలోచించి, "ఆకలేస్తోంది" అన్నాడు.

కానీ ఒకటి అడుగుతాను. జాలిపడి కరిగిపోయి ఉంటావు, నాకు తెలుసు. ఆరేళ్ళు దాచాడే ఆ మనిషి! ఆరేళ్ళు నువ్వు చెప్పినవాటిలో ఎన్ని అతనికి చేరాయో, ఎన్ని ఊఁలో కొట్టుకుపోయాయో! నాకైతే మండిపోతుంది. నీకు లేదా? ఉంటే మింగకు. మింగేసి అక్కడ ఉండొద్దు, మింగేసి ఇక్కడికి రావద్దు. టికెట్ సంగతి నువ్వే చూసుకో.

తల దించుకుని
అక్క


ఏప్రిల్ 20, ఆదివారం

తలెత్తు అక్కా,

టికెట్ రద్దు చేశాను. ఎందుకో చెప్తాను.

నువ్వడిగేవరకూ నాకు కోపం ఉందని నాకే తెలియదు. నీ ఉత్తరం మడిచి పక్కన పెట్టేసరికి చెవుల దాకా మండిపోతోంది. అమ్మ పోయినప్పుడు వారం రోజులు ఆయనకి అమ్మ గురించి చెప్పుకున్నాను కదా. లైటు కట్టేశాక కూడా చెప్పేదాన్ని. చీకట్లో నా మొహం ఎక్కడ కనబడింది ఆయనకి? గోడకి చెప్పుకున్నట్టే కదా! తెల్లకాగితం మీద ఇంతింత అక్షరాలతో "నాకు నీ మీద చాలా కోపంగా ఉంది" అని రాసి ఆయన ముందు పడేశాను.

చదివాడు. "హమ్మయ్య" అన్నాడు.

నేను పెన్ను విసిరికొట్టబోయాను. ఆగమని చెయ్యి చూపించాడు. "రెండు నెలలుగా నీ మొహంలో ఏమీ లేదు. కోపం లేదు, ఏడుపు లేదు. నా సంగతి పసిగట్టేశావనుకున్నాను. చీదరేసి మనసు విరిచేసుకున్నావు, ఇక ఇంట్లో మనిషివే తప్ప నాకేం కావనుకున్నాను. అడిగే ధైర్యం లేక చూడటం మానేశాను" అన్నాడు. ఆ ఆదివారం నేను ఏడ్చింది కూడా కంటి జబ్బుకి నీళ్ళు కారడమే అనుకున్నాడట. నేను ఇక్కడ ఏమనుకుని కుమిలిపోయానో, అచ్చం అదే ఆయన అక్కడ అనుకున్నాడు. ఒకే ఇంట్లో, ఒకే కుళాయి దగ్గర. అమ్మ గురించి చెప్పినవన్నీ మళ్ళీ రాయమన్నాడు. రోజుకి ఒక పేజీ రాస్తున్నాను. చదివేటప్పుడు నేను పక్కనే కూర్చోవాలట.

కబుర్లు: కన్ను మూతపడుతోంది. మూతి కుడి మూల మాత్రం ఇక ఇంతేనేమో అన్నాడు డాక్టరు. నాకు అనుకున్నంత బాధ లేదు, కొంత ఉంది. ఆయన ఫ్యాక్టరీలో చెప్పేశాడు. మెషిన్ల మీంచి తీసి స్టోరులో వేశారు, రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. "ముభావం" అని ఆయనే రాసి చూపించాడు, నేను కనుక్కోలేదు. చెవి మిషన్‌కి కొలతలు ఇచ్చాం. దాంతో కూడా అన్నీ వినబడతాయని లేదట.

ఇంకో సంగతి నన్ను తొలుస్తూనే ఉంది. నిన్న కాగితం మీద అడిగేశాను. "మరి ఆరేళ్ళుగా నా జోకులకి పడీపడీ నవ్వావే, అవి అర్థమయ్యాయా?"

"కొన్ని."

"మిగతావాటికి ఎందుకు నవ్వావు?"

"నువ్వు నవ్వేదానివి కదా."

నాకు పౌరుషం వచ్చింది. ఇన్నాళ్ళూ నా జోకులు వృథా అయ్యాయన్నమాట! సరే, ఒకటి సరిగ్గా చేరాలని నిన్న కౌంటర్‌లో జరిగింది పొల్లు పోకుండా రాసిచ్చాను. ఒకాయన వచ్చి వారం రోజులుగా ఇంట్లో నీళ్ళు రావట్లేదని లబలబలాడాడు. కనెక్షన్ నంబరు చెప్పమన్నాను. "కనెక్షన్ ఇంకా తీసుకోలేదండీ. నీళ్ళు బాగా వస్తాయో లేదో చూసుకుని తీసుకుందామని" అన్నాడు.

మా ఆయన శ్రద్ధగా చదివాడు. రెండోసారి కూడా చదివాడు. కాగితం కింద పెట్టి, "ఆయన అన్నదాంట్లో తప్పేముంది?" అన్నాడు.

అక్కా, నేను నవ్వాపుకోలేకపోయాను. ఎడమవైపు మాత్రమే లేచింది, అద్దంలో నేను చూసి భయపడ్డ ఆ వంకర నవ్వే. ఆయన నా మొహంలోకి కాసేపు అలాగే చూశాడు. తర్వాత ఆయన కూడా నవ్వడం మొదలుపెట్టాడు. జోకు అర్థమై మాత్రం కాదు.

నీ చెల్లి